గోంగూర మటన్‌కి ఏ వైనండీ?

పోయిన నెల మా టీమ్ డిన్నరు. క్లయింటు తరఫున అమెరికా నుంచి ఇద్దరొచ్చారు. కాంట్రాక్టు రెన్యువల్ దగ్గరకొచ్చింది కాబట్టి గచ్చిబౌలి వైపు ఒక ఖరీదైన తెలుగు భోజనాల హోటలుకి తీసుకెళ్ళాం (పేరు చెప్పను, వంట మటుకు బావుంటుంది). మొత్తం పన్నెండుమందిమి. మా మేనేజరుగారు మెనూ తెరిచి, వైన్ల పేజీ నా ముందుకి తోసి, "నువ్వు ఆరేళ్ళు బే ఏరియాలో ఉన్నావుగా, నువ్వు చూడు" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ ఆరేళ్ళలో నేను వైన్ గురించి నేర్చుకున్నది ఒకటే ముక్క. మాంసానికి ఎర్రది, చేపకి తెల్లది. ఇంటర్వ్యూకి ముందురోజు డిజైన్ ప్యాటర్న్ల పేర్లు బట్టీ పట్టినట్టు అప్పుడెప్పుడో పట్టాను. అదే ఇక్కడా వాడేశాను. గోంగూర మటనుంది కాబట్టి క్యాబర్నే, రొయ్యల ఇగురుంది కాబట్టి షార్డనే. అందరూ మెచ్చుకోలుగా తలూపారు. సీసా పట్టుకొచ్చినాయన మూత తీసి నా గ్లాసులో నాలుగు చుక్కలు పోసి ఎదురుగా నిలబడితే, నేను గ్లాసు తిప్పి, వాసన చూసి, ఏదో అర్థమైనట్టు "ఊఁ" అన్నాను. ఏం అర్థమైందని అడక్కండి.

తర్వాత జరిగింది చూడాలి. క్లయింటాయన గోంగూర మటన్ ఒక ముద్ద తిని, మంటకి ఒక గుక్క క్యాబర్నే తాగాడు. మొహం కందిపోయింది. ఇంకో గుక్క తాగాడు, ఇంకా కందింది. మూడోసారి గ్లాసు పక్కన పెట్టేసి, ఎవరూ చెప్పకుండానే, వడ్డించేవాడు మూలన పెట్టి వెళ్ళిన మజ్జిగ గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు. ఊపిరి తీసుకుని, "ఇక్కడివాళ్ళు ఈ భోజనంతో మామూలుగా ఏం తాగుతారు?" అని అడిగాడు.

మంచి ప్రశ్న కదా. మా టీమ్‌లో ఒకతను నవ్వుతూ, "పల్లెటూళ్ళలో కల్లు తాగుతారులెండి, అది వేరే బ్యాచ్" అన్నాడు. అందరూ నవ్వారు.

నేనూ నవ్వాను.

మాది నాతవరం. నర్సీపట్నం పక్కన, ఒకప్పుడు విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. తుని స్టేషన్లో దిగి బస్సెక్కాలి. తాండవ రిజర్వాయరు మా మండలంలోదే. మా తాత తాటిచెట్టెక్కేవాడు. మోకు భుజానేసుకుని, గీత కత్తి నడుముకి కట్టుకుని, తెల్లారకముందే వెళ్ళేవాడు. ఆ సంపాదనతోనే మా నాన్న టెన్తు దాకా చదివాడు, మా నాన్న చదివాడు కాబట్టి నేను ఇంజనీరింగు దాకా వచ్చాను. అంటే ఆ రోజు ఆ టేబుల్ దగ్గర వైన్ల పేజీ నా చేతికొచ్చింది ఎవరి పుణ్యాన? ఆ "వేరే బ్యాచ్" పుణ్యానే. అయినా నోరు తెరవలేదు. నెల నుంచి అది గొంతులో ముల్లులా ఉంది, అంచేత ఇది రాస్తున్నాను.

ముందు ఆ రూలు సంగతి చూద్దాం. అది ఉత్తినే పుట్టిన రూలు కాదు, ఒప్పుకుంటాను. ఎర్ర వైన్లో ట్యానిన్ ఎక్కువ. పచ్చి అరటికాయ కొరికితే నోరంతా పట్టేస్తుంది చూడండి, ఆ వగరే అది. కాల్చిన మాంసంలో ఉండే కొవ్వు, ప్రొటీన్లు ఆ వగరుని లొంగదీస్తాయి, ఆ వగరు కొవ్వు జిడ్డుని కోస్తుంది. ఇద్దరికీ లాభం. ఇక చేపల సంగతి. 2009లో జపాన్‌లో మెర్షియన్ అనే వైన్ కంపెనీ పరిశోధకులు దీనికి కారణం పట్టుకున్నారు. వైన్లో ఇనుము ఎక్కువున్నకొద్దీ చేపలతో తాగినప్పుడు నోట్లో నీచువాసన ఎక్కువవుతోందట. ఎర్ర వైన్లలో ఇనుము ఎక్కువగా ఉండే సందర్భాలు ఎక్కువ కాబట్టి ఆ రూలు చాలావరకు పనిచేస్తుంది. బావుంది. ఎవరో ఎన్నో ఏళ్ళు తిని, తాగి, గమనించి పెట్టుకున్న రూలే.

కానీ ఏం తిని? అక్కడుంది కిటుకు. వాళ్ళ మాంసంలో ఉప్పూ మిరియాలూ తప్ప పెద్దగా ఏమీ ఉండదు. మన మటన్లో గోంగూర పులుపు, పచ్చిమిర్చి, ఎండుకారం, అల్లంవెల్లుల్లి, మసాలా. మిరపలో ఉండే క్యాప్సైసిన్ నోట్లో ఏ గ్రాహకాన్ని తట్టి "మంట, మంట" అని అరిపిస్తుందో, ఆల్కహాలు కూడా ఆ గ్రాహకాన్నే తడుతుంది. అంటే పద్నాలుగు శాతం ఆల్కహాలున్న క్యాబర్నే మన కారం మీద పోస్తే మంట ఆర్పడానికి కిరసనాయిలు పోసినట్టే. పైగా ట్యానిన్ వగరు ఆ మంటలో ఇంకా గరుగ్గా తగులుతుంది. పులుపు సంగతి ఇంకోటి. తిండి పులుపుగా ఉంటే వైన్లో ఉండే పులుపు నాలుక్కి తెలీదు, వైను చప్పబడిపోతుంది. చింతపండు పులుసు తిని ఆ ఎర్రవైను తాగితే ద్రాక్షపళ్ళ కషాయంలా ఉండేది అందుకే. ఆ సీసా ఖరీదు ఎంతో చెప్పను, మా తమ్ముడు చదువుతాడు.

ఇంకొక పెద్ద చిక్కుంది. ఒక్కో పదార్థానికి ఒక్కో గ్లాసు అనే పద్ధతి ఎక్కడ పనిచేస్తుంది? ఒకటి తిన్నాక ఒకటి వడ్డించే చోట. సూపు, తర్వాత చేప, తర్వాత మాంసం, తర్వాత తీపి. ఐరోపాలో కూడా ఇలా వరసగా వడ్డించడం పందొమ్మిదో శతాబ్దంలోనే బాగా పాతుకుంది. అంతకుముందు వాళ్ళ విందుల్లోనూ బోలెడు వంటకాలు ఒకేసారి బల్ల మీద పరిచేవాళ్ళు. మన విస్తట్లో ఇప్పటికీ అంతే. పప్పు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, దప్పళం, ఆవకాయ, వడియం, అన్నీ ఒక్కసారే. ఒక ముద్దలో పప్పు, ఆవకాయ, నెయ్యి మూడూ ఉంటాయి. దానికేం జత చేస్తారు? ముద్దకో గ్లాసు మార్చాలి. ఇన్‌పుట్ టైపు సరిపోని ఫంక్షన్ని ఎంత బలవంతంగా పిలిచినా ఎక్సెప్షనే కదండీ వచ్చేది.

అసలు మన భోజనంలో తాగేది విడిగా లేదు, భోజనంలోనే ఉంది. చారు ఏమిటి మరి? కూరల జిడ్డంతా కడిగేసి, మిరియం ఘాటుతో నాలుకని మళ్ళీ మొదటికి తెచ్చేది. మజ్జిగ ఏమిటి? పాలలో ఉండే కేసీన్ అనే ప్రొటీను క్యాప్సైసిన్ని పట్టుకుని నాలుక మీద నుంచి ఊడ్చుకుపోతుంది. నీళ్ళు ఆ పని చెయ్యలేవు, ఎందుకంటే క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు. క్లయింటాయన చెయ్యి మజ్జిగ గ్లాసు మీదకి వెళ్ళింది సంస్కృతి మీద గౌరవంతో కాదు, నోరు కాలి. ఏ వంటకం తర్వాత ఏం తాగాలో ఈ భోజనం కనిపెట్టినవాళ్ళు ఆలోచించలేదనుకోవడం మన తెలివితక్కువతనం. పదహారో శతాబ్దంలో కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకి ఏ కాలంలో ఏం పెట్టేవాడో రాస్తూ, ఎండాకాలానికి చెరుకురసం, కొబ్బరినీళ్ళు, నీరుమజ్జిగ లాంటివన్నీ లెక్కేశాడు. రుతువుని బట్టి పానీయం! ఆ హోటలు మెనూలో ఆ పేజీ లేదు. తాగనివాళ్ళకి ఉన్నవల్లా కోకు, సోడా, నీళ్ళసీసా.

(మన కారం కూడా దిగుమతేనని ఎవరో ఒకరు గుర్తుచేస్తారు, నేనే చెప్పేస్తాను. మిరప అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ళ ఓడల్లో వచ్చింది. అంచేత బయటిదేదీ వద్దని నేను అనట్లేదు. మిరపని మనం మన పులుసులో వేసి, రుచి చూసి, మన చేతికి అలవాటు చేసుకున్నాం. వైన్ రూలుని రుచి చూడకుండానే బట్టీ పట్టాం. తేడా అదే.)

ఇప్పుడు కల్లు దగ్గరకొద్దాం, అసలు గొడవ అక్కడే.

వైన్ పుస్తకాలు తెరిచి "కారంగా ఉండే ఆసియా వంటలకి ఏం తాగాలి" అనే చోట చూడండి. అన్నీ దాదాపు ఒకటే చెప్తాయి. ఆల్కహాలు తక్కువుండాలి, కాస్త తీపుండాలి, పులుపుండాలి, ట్యానిన్ ఉండకూడదు, బుడగలుంటే మరీ మంచిది. అందుకని జర్మనీ రీస్లింగ్ తాగమంటారు. ఇప్పుడు పొద్దున్నే దింపిన తాటికల్లు ఏమిటో చూడండి. కొద్దిగా తీపి, కొద్దిగా పులుపు, నాలుక మీద చురచురమనే బుడగ, ట్యానిన్ ఊసే లేదు, ఆల్కహాలు బీరంత. పుస్తకంలో రాసిన స్పెసిఫికేషన్ అక్షరాలా అదే! మూడువేల రూపాయల సీసాలో జర్మనీ నుంచి తెప్పించుకోవాల్సినదాన్ని మా తాత లొట్టిలో దింపేవాడు.

దానికీ ఒక శాస్త్రం ఉండేది. లొట్టి లోపల సున్నం పూస్తే పులవదు, అది నీరా, పిల్లలకి కూడా పొయ్యొచ్చు. సున్నం లేకపోతే దింపిన కొన్ని గంటలకే పులవడం మొదలు. పొద్దుటి కల్లు తియ్యన, మధ్యాహ్నానికి పులుపు తిరుగుతుంది, సాయంత్రానికి ఘాటు, మర్నాటికి వెనిగరు. మా తాత దీన్ని గంటల్లో కాదు, తిండిలో లెక్క పెట్టేవాడు. పొద్దుటిది చోడి అంబలి తాగేవాడికి వద్దు, రెండూ చల్లవే. ఎండునెత్తళ్ళు వేయించుకున్నవాడికి పది గంటలది. తాండవ చేపల పులుసుకి మధ్యాహ్నంది, ఎందుకంటే పులుపుకి పులుపే జోడీ. కోడికూరకి సాయంత్రంది. ఈతకల్లు చలికాలానికి, తాటికల్లు వేసవికి. చింతపల్లి వైపు మన్యంలోకి వెళ్తే జీలుగు కల్లు, అది మళ్ళీ వేరే రుచి. ఒకే చెట్టు, ఒకే రోజు, నాలుగు రకాల పానీయం, నాలుగు రకాల కూర. ఏ చెట్టు కల్లు ఏ వైపు నేలలో తియ్యగా ఉంటుందో కూడా చెప్పేవాడు. ఫ్రెంచివాళ్ళు దానికి ఒక పేరు పెట్టి, 1855లో బోర్డో వైన్లకి తరగతులు కట్టి, నూటడెబ్బై ఏళ్ళయినా ఇంకా ఆ పేరుతో అమ్ముకుంటున్నారు. మా తాతకి డాక్యుమెంటేషన్ రాసే అలవాటు లేదు. చనిపోయాడు, సిస్టమ్ కూడా పోయింది.

అమెరికా నుంచి వచ్చిన కొత్తలో నేను ఇంట్లో వైన్ రూలు గురించి ఏదో గొప్పగా చెప్తుంటే మా నాయనమ్మ విని, "ఏటిరా నాయినా, నోట్లో యేసుకున్నది గొంతు దిగడానికి కూడా సదువు కావాలేటి?" అంది. అప్పుడు నవ్వేశాను. ఆవిడ నలభయ్యేళ్ళు ఆ లొట్టి పక్కన కూర్చుని ఎవరికి ఏది పొయ్యాలో చెప్పిన మనిషని అప్పుడు తట్టలేదు.

భోజనంతో ఏం తాగాలన్నది మా వైపు ఒకప్పుడు తిరుగుబాటు దాకా వెళ్ళిన విషయం, తెలుసా? మన్యంవాళ్ళు తమ ఇంటికోసం జీలుగు, తాటి చెట్లు గీసుకునేవాళ్ళు. తెల్లదొరల అబ్కారీ రూల్సు వచ్చి ఇంటికోసం గీసుకోవడం కూడా నేరమన్నాయి, గుత్తేదార్లకి అప్పజెప్పాయి. పైనుంచి రంప మన్సబుదారు కల్లు మీద చిగురుపన్ను. 1879లో రంప తిరుగుబాటు లేవడానికి ఇవి ముఖ్యమైన కారణాలు. అది మా పక్కనున్న గొలుగొండ కొండల దాకా పాకింది. ఇంట్లో అన్నంతో తాగేదాన్ని అంగట్లో కొనుక్కోమన్నారని జనం కొట్లాడారు. ఆ జనం మనవళ్ళం మనం గచ్చిబౌలిలో కూర్చుని అది "వేరే బ్యాచ్" అంటున్నాం.

ఇక్కడ మీలో కొందరు కళ్ళెర్రజేస్తారని తెలుసు. తాగుడిని వెనకేసుకొస్తున్నావా అని. లేదు. అల్లూరి సీతారామరాజు సమాధి కృష్ణదేవిపేటలో, మాకు దగ్గర్లోనే ఉంది, ఆయన మన్యంవాళ్ళని తాగుడు మానమనే చెప్పాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మీద తిరగబడకపోతే 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చేదే కాదు. మా ఇంట్లోనే ఒక చిన్నాన్న సారాకి పోయాడు. నాకు చెప్పక్కర్లేదు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. అది ఆఫీసుల నుంచి పట్టుమని పది కిలోమీటర్లు కూడా లేదు. మందు కలిపిన తెల్లనీళ్ళని కల్లు అని అమ్మినవాడిని నేను సమర్థించను. ఆరోగ్యం మాటకొస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది, ఇంత తాగితే ఫర్వాలేదు అనే హద్దు ఆల్కహాలుకి లేదని. సరే.

కానీ ఆ మాట క్యాబర్నేకి కూడా వర్తిస్తుంది కదండీ! కల్లు తాగితే తాగుబోతు, వైను తాగితే అభిరుచి. ఇదెక్కడి లెక్క? 1995లో మద్యనిషేధం పెట్టి 1997లో ఎత్తేశారు. 2019 తర్వాత ప్రభుత్వమే ఎవరూ వినని బ్రాండ్లు అమ్మింది. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు షాపులు, తొంభైతొమ్మిది రూపాయల క్వార్టరు. ఇన్ని మారినా ఒకటి మారలేదు. చెట్టు మీద నుంచి దిగినదానికి గౌరవం లేదు, సీసాలో వచ్చినదానికి ఉంది. కల్తీకి మందు కూడా అక్కడే ఉందని నా అభిప్రాయం. గౌరవమైన చోట, నలుగురూ చూసేచోట, రుచి తెలిసినవాళ్ళు తాగేచోట కల్తీ చెయ్యడం కష్టం. కేరళలో కల్లుషాపు వంటలు తినడానికి టూరిస్టులు వెతుక్కుంటూ వెళ్తారు. గోవావాళ్ళు ఫెనీకి 2009లో జీఐ గుర్తింపు తెచ్చుకున్నారు. హైదరాబాదులో నెక్లెస్ రోడ్డు మీద 2023లో నీరా కేఫ్ తెరిచారు, అదొక్కటే ఇటువైపు నాకు కనిపించిన మంచి ప్రయత్నం. అన్నట్టు మా మన్యం కాఫీ కూడా అంతే. అరకు కాఫీకి 2017లో పారిస్‌లో దుకాణం తెరిచేదాకా మనవాళ్ళకి అది కాఫీలా కనబడలేదు.

ఆ వాసన చూడ్డం, నాలుక మీద తిప్పడం వ్యవహారం కూడా మరీ అంత పవిత్రమేం కాదు. 2001లో బోర్డోలోనే ఒక పరిశోధన వచ్చింది. వైన్ చదువు చదువుతున్న యాభై నాలుగుమందికి తెల్లవైన్లో రుచీ వాసనా లేని ఎర్రరంగు కలిపి ఇస్తే, ఎర్రవైన్లకి వాడే మాటలతోనే వర్ణించారు. సాక్షాత్తూ ఆ చదువు చదివేవాళ్ళే రంగు చూసి మోసపోయారు. నేను "ఊఁ" అన్నందుకు ఇప్పుడు అంత సిగ్గుపడట్లేదు :-)

నాకు బాధ వైన్ మీద కాదు. ఆ బల్ల దగ్గర పన్నెండుమందిలో ఐదుగురు తాగరు. ఇద్దరు అమ్మాయిలు, ఒకాయన మాలలో ఉన్నాడు, ఒకతనికి షుగరు, ఇంకొకతను ఊరికే తాగడు, కారణం చెప్పాల్సిన అవసరం లేదు. ఆ ఐదుగురికీ రెండు గంటలసేపు కోకు డబ్బాలు. సీసాల ఎంపికకి పదిహేను నిమిషాలు చర్చ, వాళ్ళకి ఏం కావాలని ఒక్కరూ అడగలేదు. నాకు తెలిసి వైన్ పేర్లు పలకడం రాక క్లయింట్ డిన్నర్లకి రాకుండా తప్పించుకునే కుర్రాళ్ళున్నారు. రాకపోతే "క్లయింట్ ఫేసింగ్ స్కిల్స్ లేవు" అని రేటింగులో పడుతుంది. ఏ శ్రీకాకుళం నుంచో, ఆదిలాబాదు నుంచో ఇంటికి మొదటి డిగ్రీ తెచ్చి వచ్చినవాడికి ఇది ఇంకో ఎంట్రన్సు పరీక్ష. కోడు రాయడానికి, పినో న్వార్ అని పలకడానికి సంబంధం ఏమిటో నాకు ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఎవరూ చెప్పలేదు.

వచ్చే నెల్లో వాళ్ళు మళ్ళీ వస్తున్నారు. ఈసారి పానీయాల పట్టిక నేనే రాసి మేనేజరుకి పంపాను. మొదట కొబ్బరినీళ్ళు. మటన్‌తో అల్లం, కరివేపాకు వేసిన పల్చటి మజ్జిగ. మధ్యలో చిన్న గ్లాసుల్లో మిరియాల చారు, వేడివేడిగా. దొరికితే నీరా. వైనే కావాలన్నవాళ్ళకి కాస్త తీపుండే తెల్లది ఒక సీసా, చల్లగా. చివర్లో చింతపల్లి కాఫీ. కల్లు పెట్టలేదు, హోటల్లో ఇవ్వరు, దానికి లైసెన్సు వేరు. కానీ ఇక్కడ ఏం తాగుతారని ఆయన మళ్ళీ అడిగితే జవాబు చెప్పేది నేనే, మా తాత చెట్టెక్కేవాడన్న దగ్గర్నుంచీ మొదలుపెట్టి.

మెయిలు పంపి నాలుగు రోజులైంది. "లెట్స్ డిస్కస్" అని ఒక్క ముక్క వచ్చింది.